షాక్‌లు మార్చినా ముందు చక్రం దగ్గర కటకట ఆగలేదు: తర్వాత ఏం చూడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: తక్కువ వేగంలో గతుకుల రోడ్డు మీద వెళ్తుంటే ముందు ఎడమ చక్రం వైపు నుంచి కటకటమని శబ్దం వస్తోంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగినప్పుడు మాత్రం అంతగా వినిపించడం లేదు. మెకానిక్ ముందు షాక్ అబ్జార్బర్లు రెండూ మార్చారు, అయినా శబ్దం అలాగే ఉంది. ఇప్పుడు లోయర్ ఆర్మ్‌లు, అంటే చక్రాన్ని కింది వైపు నుంచి కారు బాడీకి కలిపే ఇనుప చేతులు, మార్చాలంటున్నారు. మార్చాలా, వద్దా?

ఇప్పుడే మార్చకండి. మీరు చెప్పిన లక్షణాలకు నేను మొదట అనుమానించేది స్టెబిలైజర్ లింక్ రాడ్‌ను. ఆ తర్వాత, షాక్‌లు మార్చినప్పుడు విప్పి బిగించిన నట్లను, మళ్లీ వాడేసిన పాత స్ట్రట్ మౌంట్‌ను (షాక్, స్ప్రింగ్ కలిసి ఉండే స్ట్రట్‌ను పైన బాడీకి పట్టి ఉంచే భాగం) చూస్తాను. లోయర్ ఆర్మ్ బుష్ (ఆర్మ్ బాడీకి కలిసే చోట ఉండే రబ్బరు దిమ్మ) నా లెక్కలో మూడోది. ఈ మూడింటిలో తప్పు ఎక్కడుందో ఒక్క పార్టు కూడా కొనకుండానే తేల్చుకోవచ్చు. శబ్దం ఎక్కడి నుంచి వస్తుందో చేతికి తెలిసేదాకా ఇంకే పార్టూ మార్చనివ్వకండి.

లింక్ రాడ్ అని ఎందుకంటున్నానంటే, మీరు చెప్పిన ఆ స్పీడ్ బ్రేకర్ తేడా వల్ల. స్టెబిలైజర్ బార్ అనేది ముందు రెండు చక్రాల సస్పెన్షన్‌ను అడ్డంగా కలిపే ఉక్కు కడ్డీ. మలుపులో కారు ఎక్కువగా ఒరగకుండా పట్టి ఉంచేది అదే. దాని రెండు చివరలనూ చెరో వైపు సస్పెన్షన్‌కు కలిపేవి లింక్ రాడ్లు. చాలా కార్లలో ఒక్కో లింక్‌కు పైనా కిందా చిన్న బాల్ జాయింట్లు ఉంటాయి. స్పీడ్ బ్రేకర్ మీద రెండు చక్రాలూ ఒకేసారి లేస్తాయి. అప్పుడు బార్ తన బుష్‌లలో తిరుగుతుందే కానీ మెలిపడదు, లింకుల మీద పెద్దగా బలం పడదు. గతుకుల్లో అలా కాదు. ఒక చక్రం లేస్తుంటే రెండోది దిగుతుంటుంది. బార్ మెలిపడుతుంది, లింక్ మీద బలం క్షణక్షణానికీ ఇటూ అటూ మారుతుంది. జాయింట్ అరిగి ఉంటే అందులోని ప్లే (వదులు) మేరకు ఆ చిన్న బాల్ తన గూటిలో కొట్టుకుంటుంది. అదే ఆ కటకట.

షాక్ అబ్జార్బర్ పాడైతే ఇలా ఉండటం తక్కువ. కారు గుంత దాటాక కూడా ఊగుతూ ఉండటం, షాక్ మీద ఆయిల్ కారి తడిగా కనిపించడం, టైరు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అరగడం, ఇవీ దాని గుర్తులు. షాక్ లోపలి నుంచి కొట్టుకునే శబ్దం రాదని కాదు, వస్తుంది. కానీ ఈ గుర్తులేవీ లేకుండా ఒక్క శబ్దాన్ని బట్టే షాక్‌లు మార్చడం నాకు సరైన పద్ధతి అనిపించదు.

లింక్‌ను పరీక్షించే పద్ధతిలోనే చాలామంది పొరబడతారు. కారును ఒక పక్క మాత్రమే జాకీతో లేపి, వేలాడుతున్న చక్రం దగ్గర లింక్ పట్టుకుని ఊపి, "గట్టిగానే ఉంది" అనేస్తారు. ఒక చక్రం కింద ఉండి ఒకటి వేలాడుతుంటే బార్ మెలిపడి లింక్‌ను బిగబట్టి ఉంచుతుంది. అరిగిన లింక్ కూడా అప్పుడు కదలదు. రెండు ముందు చక్రాలూ నేల మీదైనా ఉండాలి, లేదా రెండూ సమానంగా గాలిలోనైనా ఉండాలి. అప్పుడు లింక్‌ను పిడికిట్లో పట్టుకుని పైకీ కిందికీ, పక్కలకూ గట్టిగా కుదిపి చూడండి. జాయింట్ తన గూటిలో గుండ్రంగా తిరగడం మామూలే. నిలువుగా టక్‌మని కదిలితే మాత్రం అది అయిపోయినట్టే. రబ్బరు తొడుగు చిరిగి, లోపలి గ్రీజు ఎండిపోయి ఉన్నా దాన్ని మార్చడమే మంచిది.

చేతికి దొరకకపోతే ఇంకా నమ్మకమైన పరీక్ష ఉంది. రెండు వైపుల లింకులనూ విప్పేసి, బార్ చివరలు ఆక్సిల్‌కు గానీ బ్రేక్ హోస్‌కు గానీ తగలకుండా తీగతో గట్టిగా కట్టేసి, శబ్దం వచ్చే రోడ్డు మీదే నిదానంగా కొద్ది దూరం నడపండి. శబ్దం పూర్తిగా పోతే తప్పు లింకుల్లోనో, బార్‌ను పట్టి ఉంచే బుష్‌లలోనో ఉంది. శబ్దం అలాగే ఉంటే ఆ రెండింటినీ లిస్టులోంచి కొట్టేయవచ్చు. లింకులు లేనప్పుడు కారు మలుపుల్లో బాగా ఒరుగుతుంది కాబట్టి ఇది ఖాళీ రోడ్డు మీద తక్కువ వేగంలో మాత్రమే చేయాలి. పరీక్ష అయ్యాక వెంటనే తిరిగి బిగించాలి, అలాగే రోజూ తిరగకూడదు.

ఇవన్నీ ఇంట్లో చేసుకునేవాళ్లకు ఒక మాట. జాకీ ఒక్కదాని మీద నిలబడి ఉన్న కారు కిందికి తల గానీ చెయ్యి గానీ పెట్టొద్దు. గట్టి నేల మీద స్టాండ్లు పెట్టి, వెనక చక్రాలకు అడ్డు వేసి, కారును ఊపి చూసుకున్నాకే పని మొదలుపెట్టాలి. స్ప్రింగ్‌ను నొక్కి స్ట్రట్‌ను విప్పే పని మాత్రం ఇంట్లో పెట్టుకోవద్దు. నొక్కి ఉన్న స్ప్రింగ్ జారితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇక రెండో అనుమానం, అంటే మొన్న జరిగిన పని. ఇక్కడ మీరొక సంగతి గుర్తు చేసుకోవాలి: ఇప్పుడు వినిపిస్తున్నది పాత శబ్దమేనా, లేక పాతది పోయి ఇంకొకటి మొదలైందా? పని చేయించిన రోజు నుంచే శబ్దం తీరు మారి ఉంటే, ముందుగా బిగింపులు చూడాలి. స్ట్రట్ పైన మధ్యలో ఉండే నట్ లూజుగా ఉంటే షాక్ రాడ్ మౌంట్‌లో పైకీ కిందికీ కొట్టుకుంటుంది, ప్రతి చిన్న గతుక్కీ టకటకమంటుంది. షాక్ మార్చేటప్పుడు చాలా కార్లలో లింక్ రాడ్‌ను షాక్ నుంచి విప్పాల్సి వస్తుంది. ఆ నట్ బిగించేటప్పుడు మధ్యలోని పిన్ తిరగకుండా ఎలెన్ కీతో పట్టుకోవాలి. అలా పట్టుకోకపోతే పిన్ కూడా నట్‌తో పాటే తిరుగుతుంది. నట్ బిగిసినట్టు అనిపిస్తుంది కానీ బిగియదు, పైగా రబ్బరు తొడుగు మెలిపడి చిరుగుతుంది. బాగున్న లింక్ పాడవడానికి ఇదొక్కటి చాలు.

పాత మౌంట్ సంగతి కూడా అడగండి. షాక్ కొత్తది వేసి, దాని పైన ఉండే రబ్బరు మౌంట్, బేరింగ్ పాతవే పెట్టడం చాలా మామూలుగా జరుగుతుంది. మౌంట్ రబ్బరు కుంగిపోయి ఉంటే గతుక్కి ధబ్‌మని పై నుంచి, డాష్‌బోర్డు దాపు నుంచి వినిపిస్తుంది. బేరింగ్ పట్టేసి ఉంటే కారు ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్ తిప్పుతుండగా టంగ్‌మంటుంది. స్ప్రింగ్ బేరింగ్ మీద తిరగలేక మెలిపడి, ఒక్కసారిగా వదులుకున్నప్పుడు వచ్చే శబ్దం అది. బానెట్ తెరిచి స్ట్రట్ పైభాగం మీద అరచెయ్యి పెట్టండి, ఇంకొకరిని స్టీరింగ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు నిదానంగా తిప్పమనండి. బాగుంటే కదలిక నునుపుగా ఉంటుంది. ఆగి ఆగి కుదుపుతో కదిలితే బేరింగ్ పోయినట్టు. కొన్ని కార్లలో ఈ భాగం వైపర్ల కింది ప్లాస్టిక్ మూత లోపల ఉంటుంది, దాన్ని తీయాలి.

స్ప్రింగ్ కింది చుట్టను కూడా టార్చి వేసి చూడండి. తుప్పు పట్టిన స్ప్రింగులు చాలావరకు కింది కొస దగ్గరే విరుగుతాయి. విరిగిన ముక్క గిన్నెలాంటి ఆ సీటులోనే దాక్కుని ఉంటుంది కాబట్టి పైపైన చూస్తే తెలియదు. శబ్దం కోసం బుష్‌లన్నీ మార్పించుకుని నా దగ్గరకు వచ్చిన ఒక కారులో చివరికి దొరికింది ఇదే. ఇది శబ్దంతో పోయే వ్యవహారం కాదు, విరిగిన కొస టైరును కోసేయగలదు.

ఇప్పుడు లోయర్ ఆర్మ్. దాని బుష్ పోతే మీరు చెప్పినట్టు కటకట రావడం తక్కువ. రబ్బరు కదా, ధబ్ అని ఒక్క దెబ్బలా, మొద్దుగా వినిపిస్తుంది. అదీ ఎక్కువగా బ్రేక్ వేసినప్పుడు, కారు కదిలిన మొదటి క్షణంలో, ముందుకు వెళ్తూ రివర్స్‌కు మార్చినప్పుడు. ఆ సమయాల్లో చక్రం ముందుకో వెనక్కో లాగుతుంది, ఆ లాగుడును ఆపాల్సింది ఆర్మ్ వెనక బుష్. ఖాళీ స్థలంలో నడక వేగంతో వెళ్తూ బ్రేక్ కొట్టండి, మళ్లీ రివర్స్‌లో కదిలి బ్రేక్ కొట్టండి. రెండు వైపులా ఒక్కో ధబ్ వినిపిస్తే ఆర్మ్ బుష్ మీద నా అనుమానం గట్టిపడుతుంది. తర్వాత కింద నుంచి లివర్ పెట్టి ఆర్మ్‌ను ముందుకూ వెనక్కూ తోసి చూస్తే రబ్బరు చిరుగు నోరు తెరుస్తుంది. పైన సన్నని గీతల్లా ఉండే పగుళ్లు చూసి భయపడక్కర్లేదు. రబ్బరు ఇనుము నుంచి ఊడిపోయిందా లేదా అన్నది ముఖ్యం. కొన్ని కార్లలో బుష్ లోపల ద్రవం నింపి ఉంటుంది, అది కారిన మరక కనిపిస్తే మార్చాల్సిందే.

ఇదే ఆర్మ్ చివర ఉండే బాల్ జాయింట్ విషయంలో మాత్రం ఆలస్యం చేయొద్దు. లింక్ రాడ్ లూజుతో కొన్ని రోజులు నిదానంగా నడపవచ్చు, చెవికి విసుగు తప్ప పెద్ద ప్రమాదం లేదు. బాల్ జాయింట్ ఊడితే చక్రం పక్కకు మడతపడుతుంది, కారు మన చేతిలో ఉండదు. టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ కదలికను చక్రానికి అందించే కడ్డీ చివరి జాయింట్) ఊడితే ఆ చక్రానికి స్టీరింగ్ పోతుంది. అందుకే శబ్దం దేనిదైనా సరే, ఈ రెండింటినీ చూడకుండా నేను కారును బయటికి పంపను.

చూసే పద్ధతి ఇదీ. చక్రాన్ని నేల నుంచి లేపి, గడియారంలో 12, 6 ఉండే చోట్ల పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. ప్లే తగిలితే అది బాల్ జాయింట్‌ది కావచ్చు, వీల్ బేరింగ్‌ది కావచ్చు. ఇంకొకరిని బ్రేక్ నొక్కి పట్టుకోమని మళ్లీ ఊపండి. ప్లే మాయమైతే బేరింగ్, అలాగే ఉంటే బాల్ జాయింట్ లేదా దాని పైభాగాలు. స్ప్రింగ్ స్ట్రట్ మీదే ఉండే కార్లలో చక్రం వేలాడేలా బాడీని లేపితే చాలు. స్ప్రింగ్ లోయర్ ఆర్మ్ మీద కూర్చుని ఉండే రకం అయితే జాకీని ఆర్మ్ కింద, జాయింట్‌కు దగ్గరగా పెట్టి లేపాలి. లేదంటే స్ప్రింగ్ ఒత్తిడి ఆ ప్లేను దాచేస్తుంది. టై రాడ్‌కు మాత్రం చక్రాలు నేల మీదే ఉంచి, ఒకరు స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా ఇటూ అటూ ఆడిస్తుంటే మీరు జాయింట్ మీద వేళ్లు పెట్టి చూడండి. లోపల టక్‌మనడం వేళ్లకు స్పష్టంగా తెలుస్తుంది. శబ్దంతో పాటు స్టీరింగ్ చక్రంలోనూ చిన్న దెబ్బ తగులుతుంటే స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పుడును పక్క కదలికగా మార్చి టై రాడ్లకు ఇచ్చే భాగం) ఎండ్‌ను, ర్యాక్ బుష్‌ను, స్టీరింగ్ షాఫ్ట్ జాయింట్‌ను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

చెవి ఎంత మోసం చేస్తుందో కూడా చెప్పాలి. ముందు రెండు వైపులనూ ఒకే ఇనుప ఫ్రేమ్ కలుపుతుంది, ఒక పక్క కొట్టుకున్న శబ్దం దాని గుండా రెండో పక్కకు పోతుంది. డ్రైవర్ సీట్లో కూర్చుని "కచ్చితంగా ఎడమే" అన్నవాళ్ల కార్లలో కుడి వైపు లింక్ లూజుగా దొరకడం నేను చూశాను. కాబట్టి ఎడమ వైపు ఏమీ దొరకకపోతే కుడి వైపు కూడా అంతే శ్రద్ధగా చూడండి. ఒకసారి మీరు పక్క సీట్లో, మరోసారి వెనక సీట్లో కూర్చుని, వేరొకరిని నడపమని వినండి.

అసలు సస్పెన్షనే కాని శబ్దాలూ ఉన్నాయి, వాటిని ముందే ఏరేయాలి. అన్నిటికన్నా సులువైనది ఇది: శబ్దం వస్తున్నప్పుడు ఎడమ కాలితో కాకుండా మామూలుగా కుడి కాలితోనే బ్రేక్‌ను తేలికగా, కారు ఆగనంతగా తాకించండి. ఆ క్షణంలో కటకట ఆగిపోతే బ్రేక్ ప్యాడ్లో, కాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం) పిన్నులో వదులుగా ఉన్నట్టు. లింక్ రాడ్ శబ్దానికీ దీనికీ పోలిక చాలా దగ్గర. ప్యాడ్‌ను పట్టి ఉంచే చిన్న స్ప్రింగ్ క్లిప్ పెట్టడం మరిచిపోయిన కార్లు సస్పెన్షన్ కంప్లైంట్‌తోనే వర్క్‌షాప్‌కు వస్తాయి. మీ కారులో ఇటీవల ప్యాడ్లు మార్చి ఉంటే మొదట ఇదే చూడండి.

స్టీరింగ్ పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ ఇస్తుంటే టక్ టక్ టక్‌మని వేగంతో పాటు పెరిగితే అది ఆక్సిల్ బయటి జాయింట్. గతుకులతో సంబంధం లేకుండా వేగంతో పాటు పెరిగే హోరు వీల్ బేరింగ్‌దో టైరుదో అవుతుంది. కారును నిదానంగా కుడికి తిప్పినప్పుడు బరువు ఎడమ చక్రం మీద పడుతుంది, హోరు పెరిగితే ఎడమ బేరింగ్ మీద అనుమానం. గేర్ వేసినప్పుడు, క్లచ్ వదిలినప్పుడు ధబ్‌మంటే ఇంజన్ మౌంట్. ఇవి కాక బ్యాటరీ క్లాంప్, ఇంజన్ కింది ప్లాస్టిక్ షీట్, సైలెన్సర్ మీది రేకు, వెనక డిక్కీలో సరిగ్గా పెట్టని జాకీ, స్పేర్ వీల్ బోల్టు. చేత్తో తట్టి చూస్తే పది నిమిషాల్లో తేలిపోతాయి. టైర్లలో గాలి కారు మీద రాసి ఉన్నదానికన్నా ఎక్కువ ఉంటే బాగున్న సస్పెన్షన్ కూడా గట్టిగా శబ్దం చేస్తుంది, అదీ సరిచూసుకోండి.

మీది కటకట కాబట్టి కిర్రుమనే శబ్దం గురించి ఎక్కువ రాయను. దానికి ఒక్కటే చెప్తాను. అనుమానం ఉన్న బుష్ మీద నీళ్లు చల్లి, కారును ఊపి వినండి. ఒక్కో బుష్‌కూ విడిగా చల్లుతూ పోతే ఎక్కడ తడిసినప్పుడు కిర్రు ఆగిందో తెలుస్తుంది. ఇంజన్ ఆయిల్, డీజిల్, మామూలు గ్రీజు మాత్రం రబ్బరుకు పూయొద్దు. ఆ పూట శబ్దం ఆగినా, రబ్బరు ఉబ్బి మెత్తబడి త్వరగా పాడవుతుంది. పూయక తప్పకపోతే సిలికాన్ గ్రీజు వాడండి.

పరీక్షలన్నీ అయ్యాక లోయర్ ఆర్మ్ మార్చాల్సిందేనని తేలితే, మెకానిక్‌కు ఒక మాట తప్పకుండా చెప్పండి. ఆర్మ్ బుష్ బోల్టులను చివరిగా బిగించేటప్పుడు కారు బరువు చక్రాల మీద ఉండాలి. ఈ బుష్‌లలో రబ్బరు జారదు, మెలిపడుతూ పని చేస్తుంది. చక్రం వేలాడుతుండగా బిగించేస్తే ఆ వేలాడే స్థితే దానికి మామూలు స్థితి అవుతుంది. కారును కిందికి దించిన క్షణం నుంచి రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది. కొత్త బుష్‌లు వేసినా కొద్ది కాలానికే చిరిగాయని, పార్టు నాసిరకమని అనుకునేవాళ్ల కార్లలో నాకు తరచుగా కనిపించే కారణం ఇదే. బోల్టులను చేతి బిగువుతో వదిలి, కారును దించి, ఆ తర్వాతే టార్క్ రెంచ్‌తో కంపెనీ చెప్పిన కొలతకు బిగించాలి. లాక్ నట్లు కొత్తవి వేయమనండి, ఒకసారి విప్పినవాటికి పట్టు తగ్గుతుంది.

లింకులు పోయాయని తేలితే రెండు వైపులా కలిపి మార్చండి. రెండూ ఒకే రోడ్లు చూశాయి, ఒకటి పోయాక రెండోది ఎక్కువ కాలం నిలవదు. బార్ బుష్‌లు కూడా ఆ పనిలోనే చూడమనండి. లింకులు మాత్రమే మారిస్తే వీల్ అలైన్‌మెంట్ అక్కర్లేదు. స్ట్రట్, లోయర్ ఆర్మ్, టై రాడ్ విప్పితే మాత్రం తప్పనిసరి. షాక్‌లు మార్చాక మీకు అలైన్‌మెంట్ చేయించారో లేదో అడగండి. చేయించకపోయి ఉంటే, శబ్దం సంగతి తేలాకే చేయించుకోండి. ఎందుకంటే ఆర్మ్ మార్చాల్సి వస్తే ఇప్పుడు చేయించినది దండగ అవుతుంది. అంతవరకు టైరు లోపలి, బయటి అంచులను మధ్యమధ్య చూసుకుంటూ ఉండండి. ఒక అంచు గబగబా అరుగుతుంటే మాత్రం ఆగకుండా వెంటనే చేయించేయండి.